పేరు పక్కన ఒక సంఖ్య

పరకాల వైపు పనిచేసే ఒక ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న పంపారు. మండలంలోని బడుల నుంచి 1,200 మంది పిల్లల పేర్లు ఎక్సెల్ పట్టికలో ఉన్నాయి. తెలుగు ధారాళంగా చదవగలుగుతున్నారా లేదా అని చూడడానికి వారిలో 50 మందిని ఎంచుకోవాలి. "ఫలానా బడిని కావాలనే తీసుకున్నారని రేపు ఎవరూ అనకూడదు. కళ్లు మూసుకొని మౌస్ తిప్పి, ఆగిన చోట ఉన్న పేరు తీసుకుంటే సరిపోతుందా?" అని ఆయన సందేహం.

సరిపోదు. కళ్లు మూసుకున్నంత మాత్రాన చేతి అలవాట్లు పోవు. మనం తోచినట్టు ఏరామనుకున్న పేర్లు జాబితా అంతటా చక్కగా, ఎడం ఎడంగా పరుచుకుంటాయి. ఒక పేరు తీశాక దాని కింది పేరు తీయడానికి మనసొప్పదు. అసలైన లాటరీకి అలాంటి మొహమాటం లేదు. 1,200 మందిలోంచి 50 మందిని తీస్తే జాబితాలో పక్కపక్కనే ఉన్న జతలు సగటున రెండు పడతాయి. ఒక్క జత కూడా పడకపోవడం దాదాపు ఎనిమిది సార్లలో ఒకసారి మాత్రమే జరుగుతుంది. చేత్తో ఏరి లాటరీ తీశామని చెప్పే శాంపిళ్లను అనుమానించడానికి ఈ ఒక్క ఆనవాలు చాలు.

ఇక పద్ధతి. పేర్ల పక్కన ఖాళీగా ఉన్న నిలువు వరుసలో =ర్యాండ్() అని (ఇంగ్లీషు అక్షరాల్లో =RAND()) రాసి చివరి పేరు దాకా కిందికి లాగండి. ప్రతి పేరు పక్కనా సున్నాకూ ఒకటికీ మధ్య ఒక దశాంశ సంఖ్య పడుతుంది. ఆ సంఖ్యలను కాపీ చేసి అక్కడే విలువలుగా అతికించండి. తరువాత మొత్తం పట్టికను ఆ సంఖ్యల ప్రకారం సార్ట్ చేసి, అంటే చిన్నది నుంచి పెద్దదాకా పేర్చి, పై 50 పేర్లు తీసుకోండి. ఏ మెనూలో ఏది నొక్కాలో నేను రాయను, పదో తరగతి పిల్లవాడెవరైనా చూపిస్తాడు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే ఉంది. ఇంత చిన్న పని న్యాయమైన లాటరీ ఎలా అవుతుంది?

ముగ్గురినే తీసుకుందాం: అన్వర్, రమ్య, సాగర్. ముగ్గురి పక్కన మూడు సంఖ్యలు పడ్డాయి. చిన్నది నుంచి పెద్దదాకా పేర్చితే ఆరు రకాల వరుసలు రావచ్చు. మూడు సంఖ్యలూ ఒకే యంత్రంలోంచి, ఒకే తీరుగా, ఒకదాని ఊసు మరొకదానికి లేకుండా పుట్టాయి. అందువల్ల అన్వర్ పేరునూ సాగర్ పేరునూ తారుమారు చేసినా లెక్కలో ఏమీ మారదు. ఏమీ మారనప్పుడు ఆరింటిలో ఏ వరుసకైనా ఎక్కువ వాటా దక్కడానికి కారణమే లేదు. అంతే, నిరూపణ అయిపోయింది. 1,200 పేర్లకూ ఇదే వాదన. గమనించండి, ఆ సంఖ్యలు సున్నా, ఒకటి మధ్య సమంగా పరుచుకొని ఉండాలని కూడా మనం అడగలేదు. అన్నీ ఒకే గనిలోంచి, విడివిడిగా రావాలి, రెండు సంఖ్యలు సమానం కాకూడదు. ఎక్సెల్ దాదాపు 15 అంకెల దాకా లెక్కిస్తుంది కాబట్టి సమానం అయ్యే బెడద లేనట్టే.

దీనికి బదులు 1 నుంచి 1,200 లోపు ఏదో ఒక పూర్ణాంకం ఇచ్చే ర్యాండ్‌బిట్వీన్‌ను 50 సార్లు వాడి ఆ వరుస సంఖ్యల పేర్లు తీస్తారు కొందరు. అలా తీస్తే ఒకే పేరు రెండోసారి వచ్చే అవకాశం నూటికి 64 పైనే. గదిలో 23 మంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి మించుతుందన్న పాత చమత్కారమే ఇది.

"24లో ఒకరు చొప్పున, ప్రతి 24వ పేరు తీసుకుంటే?" అన్నది తరువాత వచ్చే ప్రశ్న. మొదటి పేరును లాటరీ తీస్తే ఈ పద్ధతిలోనూ ప్రతి పిల్లవాడికీ అవకాశం 24లో ఒక వంతే. లెక్కకు న్యాయంగానే ఉంది. కానీ తరగతికి 24 మంది చొప్పున ఉండి, ప్రతి తరగతి జాబితానూ మార్కుల వరుసలో రాశారనుకోండి. మీకు వచ్చేది యాభై మంది మొదటి ర్యాంకు పిల్లలు కావచ్చు, యాభై మంది చివరి ర్యాంకు పిల్లలూ కావచ్చు. ఈ పద్ధతిలో సాధ్యమయ్యే శాంపిళ్లు 24 మాత్రమే. ర్యాండ్ పద్ధతిలో సాధ్యమయ్యేవి ఎన్నంటే, ఆ సంఖ్యను రాయడానికి 90 అంకెలు కావాలి. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటారు. నీళ్లు మరుగుతూ గింజలన్నీ కలియతిరిగాయి కాబట్టి ఆ ఒక్క మెతుకు మాట నమ్ముతాం. బడి జాబితాలో ఎవరూ కలియతిరగలేదు. ఇంటిపేర్ల అక్షరక్రమంలోనో, బడుల వారీగానో, అబ్బాయిలు ఒక వైపు, అమ్మాయిలు ఒక వైపుగానో గడ్డకట్టి ఉంటారు.

కలపడం ఎంత కష్టమో 1969 డిసెంబరు 1న అమెరికా చూసింది. వియత్నాం యుద్ధానికి యువకులను ఏ వరుసలో పిలవాలో తేల్చడానికి 366 పుట్టినతేదీలను గొట్టపు బిళ్లల్లో పెట్టి గాజు పాత్రలోంచి ఒక్కొక్కటే తీశారు. ముందు వచ్చిన తేదీవాళ్లు ముందు వెళ్లాలి. అంతా న్యాయంగా ఉంటే ఏ నెలలో పుట్టినవారికైనా సగటు వరుస సంఖ్య 183 దరిదాపుల్లో ఉండాలి. డిసెంబరువాళ్లకు అది 121 దగ్గర తేలింది. బిళ్లలను నెలల వారీగా పోశారు, తరువాత సరిగ్గా కలపలేదు. మన దగ్గర మద్యం దుకాణాల లైసెన్సుకు డ్రా ఉందంటే ముహూర్తం చూసుకొని దరఖాస్తు వేసేవాళ్లుంటారు. చిట్టీల పాటలో చీటీ తీయడానికి చిన్నపిల్లను పిలుస్తారు, పసిచేయి కల్మషం లేనిదని. చేయి ఎవరిదైనా ఫరవాలేదు. డబ్బాను ఎంతసేపు కుదిపారన్నదే అసలు సంగతి, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

ర్యాండ్ పద్ధతి గొప్ప అక్కడే ఉంది. అందులో కుదపడమనే పనే లేదు. పేరుకు ఒక సంఖ్య అంటుకుంటుంది, సార్ట్ అయ్యేంత సేపూ అంటుకొనే ఉంటుంది. ఆ అంటు వదిలితే న్యాయం పోతుంది. 2010లో యూరప్‌లోని విండోస్ వాడకందార్లకు మైక్రోసాఫ్ట్ ఒక తెర చూపించాల్సి వచ్చింది. అందులో ఐదు ప్రధాన బ్రౌజర్లను ఎవరికీ పక్షపాతం లేకుండా కలగలిపి చూపాలి. ప్రోగ్రాం రాసినవారు ఒక్కో బ్రౌజర్‌కు ఒక సంఖ్య ఇవ్వకుండా, సార్ట్ చేసేటప్పుడు "ఈ రెంటిలో ఏది ముందు?" అని అడిగిన ప్రతిసారీ బొమ్మా బొరుసా వేశారు. సార్ట్ అనే యంత్రం ఒక నమ్మకం మీద నడుస్తుంది: ఒకటి రెండుకన్నా ముందు, రెండు మూడుకన్నా ముందు అయితే ఒకటి మూడుకన్నా కూడా ముందే. ప్రతిసారీ మాట మార్చే నాణేన్ని దాని ముందు పెడితే వరుస వంకరపోతుంది. ఐదో స్థానం ఎవరికైనా నూటికి 20 సార్లు రావాలి. పరీక్షించి చూసినవారికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దాదాపు సగం సార్లు చివరి స్థానంలో కనిపించింది. దురుద్దేశమైతే మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్‌నే చివర పెట్టుకోదు కదా!

ఎక్సెల్‌లో ఆ అంటు వదలడానికి రెండు దారులున్నాయి. ఒకటి, సంఖ్యల వరుసను మాత్రమే ఎంచుకొని సార్ట్ చేయడం. సంఖ్యలు కదులుతాయి, పేర్లు ఉన్నచోటే ఉంటాయి, పై 50 అంటే పాత జాబితాలోని మొదటి 50. రెండోది ఇంకా విచిత్రం. పట్టికలో ఏ గడిలో ఏమి మార్చినా ర్యాండ్ మళ్లీ కొత్త సంఖ్యలు వేస్తుంది. విలువలుగా అతికించకుండా సార్ట్ చేస్తే పేర్లు సరిగ్గానే కలుస్తాయి, కానీ ఆ వెంటనే సంఖ్యలు మారిపోయి, సార్ట్ అయిన వరుస సార్ట్ కానట్టు కనిపిస్తుంది. ఏదో తప్పు జరిగిందనుకొని మళ్లీ సార్ట్ చేస్తారు, ఇంకోసారి చేస్తారు. ఈలోగా పై 50లో తెలిసిన బడి పేరు కనిపించగానే ఆపుతారు. కొత్త సంఖ్యలు వేయించే ఎఫ్9 మీట నొక్కుతూ నచ్చిన జాబితా వచ్చేదాకా కూర్చుంటే అది లాటరీ కాదు, లాటరీ వేషంలో ఉన్న ఎంపిక. అందుకే విలువలుగా అతికించిన ఆ మొదటి సంఖ్యల వరుసను చెరపకుండా ఫైలులోనే ఉంచమంటాను. ఎవరైనా అడిగితే చూపించడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు.

ఆ సంఖ్యలు ఎక్కడ పుడతాయి? 2010 ఎక్సెల్ నుంచి మెర్సెన్ ట్విస్టర్ అనే లెక్కలోంచి. మాకోతో మత్సుమొతో, తకుజి నిషిమురా 1997లో దాన్ని తయారుచేశారు. అది 32 బిట్ల సంఖ్యలను 624 దగ్గర పెట్టుకొని, వాటిని మెలితిప్పుతూ కొత్త సంఖ్యలు ఇస్తుంది. ఆ చక్రం మొదటికి వచ్చేలోపు రెండును 19,937 సార్లు గుణించి ఒకటి తీసేసినన్ని సంఖ్యలు వస్తాయి, అంటే 6,002 అంకెల సంఖ్య. అంతకుముందు 2003 ఎక్సెల్‌లో వేరే లెక్క ఉండేది. సున్నాకూ ఒకటికీ మధ్య ఉండాల్సిన ర్యాండ్ అందులో ఎక్కువసార్లు వాడితే రుణ సంఖ్యలు కూడా ఇచ్చేది. తరువాత సరిదిద్దారు. మెర్సెన్ ట్విస్టర్‌లోనూ దాపరికం లేదు. అది యథాతథంగా ఇచ్చిన 624 సంఖ్యలు వరుసగా చూసినవాడు ఆ తరువాత వచ్చేవన్నీ ముందే చెప్పేయగలడు. బడి పిల్లల శాంపిల్‌కు దానితో ఇబ్బంది లేదు. కోట్ల రూపాయల లాటరీకి మాత్రం వాడకూడదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఈ సంఖ్య అంటించే ఉపాయానికి అసలు పూర్తి జాబితానే అక్కర్లేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు వస్తున్నాయి. తేమ ఎంతుందో చూడడానికి ఆ రోజు వచ్చిన బండ్లలో ఐదింటిని లాటరీ తీయాలి. సాయంత్రానికి ఎన్ని వస్తాయో పొద్దున ఎవరికీ తెలియదు. గేటు దగ్గరే ప్రతి బండికీ ఒక ర్యాండ్ సంఖ్య ఇవ్వండి. ఇప్పటిదాకా వచ్చిన వాటిలో అన్నిటికన్నా చిన్న ఐదు సంఖ్యలను మాత్రమే కాగితం మీద ఉంచుకోండి. కొత్త బండి సంఖ్య వాటిలో పెద్దదానికన్నా చిన్నదైతే దాన్ని కొట్టేసి దీన్ని రాయండి. నూరో బండికి ఐదింటిలో చోటు దొరికే అవకాశం నూటికి ఐదు, ఎందుకంటే నూరు సంఖ్యల్లో చిన్న ఐదూ ఎవరివైనా కావచ్చు. గేటు ఎప్పుడు మూసినా చేతిలో ఉన్న ఐదూ న్యాయమైన శాంపిలే.

ప్రతి బడి నుంచి వాటా ప్రకారం కావాలా? ముందు బడి పేరుతో, దానిలో ర్యాండ్‌తో సార్ట్ చేసి, ఒక్కో బడిలో పైనున్న కొన్ని పేర్లు తీసుకోండి. పిల్లలకు బదులు ఊళ్లను తీస్తూ, పెద్ద ఊరికి ఎక్కువ అవకాశం ఇవ్వాలా? ఒక ఊరి జనాభా మరో ఊరికి మూడింతలు అనుకోండి. చిన్న ఊరికి ఒక సంఖ్య, పెద్ద ఊరికి మూడు సంఖ్యలు ఇచ్చి, మూడింటిలో పెద్దదాన్ని ఉంచుకోమనండి. ఎవరి సంఖ్య పెద్దదైతే వారు గెలుస్తారు. మొత్తం నాలుగు సంఖ్యల్లో పెద్దది పెద్ద ఊరి చేతిలో ఉండే అవకాశం నాలుగులో మూడు వంతులు. మళ్లీ అదే వాదన! మూడు సంఖ్యలు తీసి పెద్దది ఉంచుకోవడమూ, ఒకే ర్యాండ్ సంఖ్యకు ఘనమూలం కట్టడమూ లెక్కలో ఒకటే. కాబట్టి ర్యాండ్‌ను ఒకటిని జనాభాతో భాగిస్తే వచ్చే ఘాతానికి ఎక్కించి, పెద్దది నుంచి చిన్నదానికి సార్ట్ చేస్తే చాలు. ఒకటికి మించి ఊళ్లు తీసేటప్పుడు ఎంపిక అవకాశం సరిగ్గా జనాభా నిష్పత్తిలో ఉండదు, కొంత సర్దుబాటు లెక్క కావాలి.

కంప్యూటర్లు రాకముందు ఈ పనికి అచ్చువేసిన అంకెల పట్టికలు ఉండేవి. 1927లో టిప్పెట్ అనే బ్రిటిష్ గణాంకవేత్త జనగణన నివేదికల్లోంచి 41,600 అంకెలు ఏర్చి పట్టిక కూర్చాడు. పంట కోత ప్రయోగాల్లో సిబ్బంది ఇప్పటికీ ఇలాంటి సంఖ్యలతోనే చేనులో దిగుతారు. నైరుతి మూల నుంచి పొడవున ఇన్ని అడుగులు, వెడల్పున ఇన్ని అడుగులు నడిచి, అక్కడ వరి అయితే 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున కోసి తూస్తారు. నైరుతి అనగానే వాస్తు వెతకకండి. ఏదో ఒక మూల ముందే నిర్ణయించకపోతే ఒడ్డుకు దగ్గరగా, పంట బాగున్న వైపు నుంచే అడుగులు మొదలవుతాయి, అంతే.

ఆ ఉపాధ్యాయుడు అడగని ప్రశ్న ఒకటుంది, పని మొదలుపెడితే మొదటి రోజే ఎదురవుతుంది. 50 మందిలో ఒక పిల్లవాడు టీసీ తీసుకొని వెళ్లిపోయాడు. అతని బదులు పక్క బెంచీ పిల్లవాణ్ని కూర్చోబెట్టకండి, సార్ట్ చేసిన జాబితాలో 51వ పేరు తీసుకోండి. వరుస ఎలాగూ లాటరీదే కాబట్టి 51వ పేరు కూడా లాటరీలో వచ్చినదే. కానీ పిల్లవాడు బడిలోనే చదువుతూ ఆ రోజు రాకపోతే 51వ పేరు కూడా పనికిరాదు. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతల్లో బడి మానేది అందరు పిల్లలూ కాదు, కొన్ని ఇళ్ల పిల్లలే. చదవడంలో వెనకబడేదీ చాలావరకు వాళ్లే. వాళ్ల చోట హాజరైనవాళ్లను వేస్తే సంఖ్య 50 నిండుతుంది, చదువు ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. రెండోసారి, వీలైతే మూడోసారి వెళ్లండి. అప్పటికీ దొరక్కపోతే 50కి 46 మందినే పరీక్షించామని, మిగతా నలుగురు ఎందుకు దొరకలేదో కూడా నివేదికలో రాయండి.