కేసులో అమ్మమ్మ పేరు ఏదీ?

చిరంజీవులు చిన్నీకి, బాబీకి పెద్ద తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. అమ్మమ్మకు కోర్టు నుంచి వచ్చిన సమన్లు చదివి చిన్నీ అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. “గొలుసు పోయింది అమ్మమ్మది, మెడ గీరుకుపోయింది అమ్మమ్మకి. మరి కేసు స్టేట్ పేరుతో ఉందేం? అమ్మమ్మను ఒట్టి సాక్షి అన్నారేం?” కోర్టులో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ ఈ ప్రశ్న ఎంతోమంది ముఖాల్లో చూశాను. నోరు తెరిచి అడిగినవాళ్లు తక్కువ.

చెరువు సంగతి చెబుతాను, వినండి. ఎవడో రాత్రిపూట చెరువుకట్టకు గండి కొట్టాడనుకోండి. మునిగింది ఒకరి పొలమే అయినా కట్ట ఊరందరిదీ. ఇవాళ వీళ్లది మునిగితే రేపు ఇంకొకరిది. అందుకే గండి పూడ్చేదీ, కొట్టినవాణ్ణి నిలదీసేదీ ఊరే. నేరం కూడా అంతే. సర్కారే తన తరఫున ప్రాసిక్యూటరును పెట్టి కేసు నడుపుతుంది. బండి మీద వచ్చి గొలుసు తెంపుకుపోయిన కుర్రాళ్లతో అమ్మమ్మ ఒంటరిగా తలపడాల్సిన పని లేదు. ఇది మంచి ఏర్పాటే. మరి మునిగిన పొలం మాటేమిటి?

మా చిన్నప్పుడు మా ఊరి చెరువుకు నిజంగానే గండి పడింది. మా మడి సరిగ్గా కట్ట కిందే. వరి పొట్ట మీద ఉంది. తెల్లారి చూస్తే పైరు లేదు, మోకాలి లోతు ఇసుక మేట. ఊరంతా కదిలొచ్చి తాటిదుంగలు అడ్డం వేసి, మట్టి బస్తాలు పేర్చి గండి పూడ్చారు. మా పొలం వైపు ఎవరూ తిరిగి చూడలేదు. రచ్చబండ దగ్గర మా నాన్నను పిలిచి, “నీళ్లు ఏ జాముకి వచ్చాయి?” అని అడిగారు. చెప్పాడు. ఇక వెళ్లమన్నారు. ఆ ఎండాకాలమంతా నేనూ మీ అమ్మమ్మా తట్టలతో ఇసుక మోశాం. ఇసుకలో దొరికిన నత్తగుల్లలు అది ఒళ్లో పోసుకుని, ఇంటికొచ్చి అరుగు మీద వరసగా పేర్చేది.

మన కోర్టుల్లో బాధితుల గతి చాలాకాలం మా నాన్న గతే. ఏ జాముకి వచ్చాయో చెప్పడం, ఇంటికి వెళ్లడం. నేరాల విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టానికి 2009 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణతో చట్టం పొలం వైపు కూడా, అంటే బాధితుల వైపు కూడా చూడటం మొదలుపెట్టింది. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఇంకాస్త ముందుకు వెళ్లింది. గండి పడిందని చెప్పడానికి వెళ్తే “ఇది మా చెరువు కాదు పొమ్మ”ని తిప్పి పంపకూడదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా చెప్పాలి, ఫోనుకు మెసేజ్ పెట్టినా సరే. సర్కారు మధ్యలో కేసు వదిలేస్తానంటే, బాధితుల మాట వినకుండా కోర్టు సరేననకూడదు.

మాట వినడం చిన్న విషయమని అనుకోకండి. ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీలో 2021లో రైతులు వాహనం కింద నలిగి చనిపోయారు. ఆ కేసులో నిందితుడి బెయిలు మీద ఆన్‌లైన్‌లో వాదనలు జరుగుతుండగా బాధితుల లాయరుకు లైను తెగిపోయింది. మళ్లీ వినమని అడిగినా హైకోర్టు వినకుండానే బెయిలిచ్చింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ బెయిలు రద్దు చేసి, దర్యాప్తు నుంచి అప్పీలు దాకా ప్రతి దశలోనూ బాధితులకు తమ మాట చెప్పుకునే హక్కు ఉందని తేల్చింది. ఆ తీర్పు గురించి చదివిన రోజు నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

నిందితుణ్ణి కోర్టు వదిలేస్తే బాధితులు సొంతంగా అప్పీలుకు వెళ్లొచ్చు. ఇక ఇసుక మేట తీసే ఖర్చు ఉంది చూశారూ, అదే పరిహారం. గండి కొట్టినవాడు దొరక్కపోయినా బాధితులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడే ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేస్తే చాలు. ఇవేవీ దానధర్మాలు కావు. మీకు తెలిసినవాళ్లెవరైనా భయపడి ఇంట్లో కూర్చుంటే ఈ నంబరు వాళ్లకు చెప్పండి.

బాబీ, పోలీసులకు దొరికిన గొలుసు అమ్మమ్మకు ఎప్పుడిస్తారన్న నీ ప్రశ్న మర్చిపోలేదు. దొరికిన గొలుసును గుడ్డలో చుట్టి, లక్కతో సీలు వేసి, చీటీ అంటించి ఉంచుతారు. సాక్ష్యంలోకి వచ్చాక దాని పేరు ఎం.ఓ.1, అంటే సాక్ష్యంగా చూపే మొదటి వస్తువు (మెటీరియల్ ఆబ్జెక్ట్). కేసు తేలేదాకా అది అక్కడే పడి ఉండాలని ఏమీ లేదు. ఫొటోలు తీసి, పంచనామా రాసి, బాండు తీసుకుని సొంతదారుకు ఇచ్చేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మమ్మ చేత ఒక పిటిషన్ వేయించమని మీ నాన్నకు చెప్పు.

చిన్నీ, అమ్మమ్మ సాక్ష్యం రోజున సెలవు పెట్టి మీ నాన్నతో కోర్టుకు వెళ్లు. ఇలాంటి కేసుల్లో ఎవరైనా లోపలికి వెళ్లి కూర్చోవచ్చు. వెనక బెంచీలో కూర్చుని అన్నీ చూడు. ప్రాసిక్యూటరు ముందుగా అమ్మమ్మతో రెండు ముక్కలు మాట్లాడారా? నిలబడలేకపోతే కుర్చీ ఇచ్చారా? ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుని చదివి వినిపించారా? చూసినవన్నీ నాకు వివరంగా రాయి.

మీ
పెద్ద తాతయ్య