కొత్త కాయిల్ వేసినా మళ్లీ ఎందుకు కాలిపోతోంది?

మొదటి నాలుగైదు ల్యాపులు రేసు కారు చక్కగా పరిగెడుతుంది. ఆ తర్వాత ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) పైకి వెళ్లగానే ఇంజిన్ తడబడుతుంది, పిట్‌లోకి తెచ్చి పావుగంట వెతికినా ఏమీ దొరకదు, ఈలోగా అన్నీ చల్లారి, మళ్లీ స్టార్ట్ చేస్తే ఏ జబ్బూ లేనట్టు నడుస్తుంది. చాలామంది ముందు పెట్రోలు పంపుని అనుమానిస్తారు. చివరికి స్పార్క్ ప్లగ్‌కి పెద్ద వోల్టేజీ అందించే ఇగ్నిషన్ కాయిల్ మీద చెయ్యి పడి చురుక్కుమన్నాక దాన్ని పీకేసి కొత్తది బిగిస్తారు. కొన్నాళ్లకి అదీ పోతుంది. ఎందుకంటే చాలాసార్లు తప్పు కాయిల్‌ది కాదు, దాన్ని కాల్చేది వేరే ఉంటుంది.

కాయిల్ లోపల ఇనుప కోర్ చుట్టూ రెండు తీగలు ఉంటాయి. లావు తీగ కొన్ని వందల చుట్లు, సన్న తీగ వేల చుట్లు. లావు తీగలో కరెంటు పారుతున్నంతసేపు అయస్కాంత క్షేత్రం పెరుగుతుంది, ఆ కరెంటుని ఠక్కున ఆపగానే క్షేత్రం కుప్పకూలి సన్న తీగలో 20 వేల వోల్టుల పైమాటే పుడుతుంది. అంటే స్పార్క్ వచ్చేది కరెంటు ఇచ్చినప్పుడు కాదు, ఆపినప్పుడు! చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో కార్లకి తెచ్చిన ఈ పద్ధతే నేటికీ ఎక్కువ పెట్రోలు ఇంజిన్లలో నడుస్తోంది.

కరెంటు పారే ఆ కాస్త సమయాన్ని డ్వెల్ అంటారు. అసలు గొడవంతా ఇక్కడే. కోర్ పట్టగలిగినంత శక్తి పట్టేశాక ఇంకా పారే కరెంటు వేడిగా మారడం తప్ప స్పార్క్‌కి పనికిరాదు. పైగా కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. నాలుగు సిలిండర్లకీ కలిపి ఒకటే కాయిల్ ఉన్న ఇంజిన్ 6000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే సెకనుకి 200 స్పార్కులు కావాలి, అంటే ఒక్కోదానికి 5 మిల్లీసెకన్లు, అందులో డ్వెల్‌కే 3 పోతే కాయిల్‌కి ఊపిరాడేది మిగిలిన రెండింట్లోనే. అదే సిలిండర్‌కొక కాయిల్ ఉంటే ఒక్కోదానికి 20 మిల్లీసెకన్లు దొరుకుతాయి.

ఇంకో పొరపాటు, రెసిస్టెన్స్ చూడకుండా కాయిల్ కొనడం. పాత రకం కార్లలో 3 ఓముల కాయిల్ ఉండాల్సిన చోట, విడిగా బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కరెంటుని అదుపులో ఉంచే రెసిస్టర్) వాడాల్సిన 1.5 ఓముల కాయిల్‌ని నేరుగా తగిలిస్తే, 14 వోల్టుల దగ్గర కరెంటు 4.7 యాంపియర్ల బదులు 9 దాటగలదు. ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో వదిలేశారనుకోండి, పాయింట్లు (పాత కార్లలో కాయిల్ కరెంటుని కలిపి ఆపే స్విచ్) మూసుకుని ఉంటే ఆ కరెంటు ఆగకుండా పారుతూనే ఉంటుంది. సీడీఐ (కెపాసిటర్‌లో నింపిన ఛార్జీని కాయిల్‌లోకి వదిలి స్పార్క్ పుట్టించే పద్ధతి) కోసం చేసిన కాయిల్‌ని మామూలు ఇగ్నిషన్‌కి పెట్టడం ఇంతకన్నా ప్రమాదం, దాని లావు తీగ రెసిస్టెన్స్ మరీ తక్కువ.

చల్లగా ఉన్నప్పుడు మీటర్ పెట్టి 'బాగానే ఉందే' అనుకోవద్దు. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది, వంద డిగ్రీలు పెరిగితే అది 40 శాతం, దాంతో కరెంటు తగ్గి స్పార్క్ బలహీనపడుతుంది. తీగ మీది ఇన్సులేషన్ కూడా వేడికే చెడుతుంది. కాబట్టి తడబడిన వెంటనే, ఇగ్నిషన్ ఆపేసి, వేడివేడిగా ఉండగానే కొలవండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే లోహం మీద తక్కువ చూపిస్తుంది, ముందుగానే కాయిల్ మీద ఒక నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడి అంటే చెడిపోయినట్టు కాదు, 60 డిగ్రీలకే చెయ్యి వెనక్కి తీస్తాం.

నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష, ఆసిలోస్కోప్‌కి కరెంట్ క్లాంప్ (తీగ చుట్టూ పట్టి కరెంటుని కొలిచేది) తగిలించి, లావు తీగలో కరెంటు ఎలా పెరుగుతోందో తెర మీద గీతగా చూడటం. గీత ఏటవాలుగా ఎక్కి టక్కున పడిపోతే మంచిదే. ఎక్కుతూ ఎక్కుతూ చివర్లో నిటారుగా లేస్తే కోర్ నిండిపోయిందని అర్థం, ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) డ్వెల్ తగ్గించాలి. పైన చదునుగా సాగితే కరెంటు ఏదో హద్దు దగ్గర ఆగిపోయి, సమయం ఊరికే వేడి కింద పోతోంది. ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) వోల్టేజీని అదుపుచేసే రెగ్యులేటర్ చెడి 15 వోల్టులు దాటుతోందా అన్నదీ అప్పుడే చూసుకోండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు కాయిల్ ఎక్కడ బిగించారో చూడాలి. ఎగ్జాస్ట్ పక్కన ఉంటే కారు ఆగాకే దాని వేడి ఇంకా ఎక్కుతుంది, గాలి ఆడదు కదా. అక్కడి నుంచి జరిపి, మళ్లీ అన్నే ల్యాపులు తిప్పి, అదే టేపు ముక్క మీద వేడి కొలిచి పాత అంకె పక్కన రాసుకోండి.