షోరూం సర్వీసు బిల్లులో ఏది న్యాయం, ఏది అనవసరం? అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ధర్మవరం నుంచి ఒక టీచరమ్మ మా షెడ్డుకు వచ్చారు. బండికి రిపేరీ ఏమీ లేదు. చేతిలో రెండు పేజీల షోరూం బిల్లు ఉంది. "అన్నా, 20 వేల కిలోమీటర్ల సర్వీసుకు 11,400 వేసినారు. ఇది కరెక్టేనా? మా ఆయన నన్ను బాగా మోసం చేసినారంటున్నాడు" అన్నారు.

నేను అనంతపురంలో ఒక షోరూం వర్క్‌షాపులో తొమ్మిదేళ్లు పనిచేశాను. మొదట టెక్నీషియన్‌ని, చివరి నాలుగేళ్లు సర్వీస్ అడ్వైజర్‌ని, అంటే కస్టమర్‌తో మాట్లాడి బండికి చేయాల్సిన పనులు రాసుకునేవాడిని. ఇప్పుడు కళ్యాణదుర్గం రోడ్డులో సొంత షెడ్డు పెట్టుకుని ఏడేళ్లవుతోంది. ఆమెను కూర్చోబెట్టి, బిల్లు మీద పెన్నుతో ఒక గీత గీశాను. గీతకు పైన 6,300. అది న్యాయమైన డబ్బు. గీతకు కింద 5,100. అందులో ఒక్క రూపాయి పని కూడా ఆమె బండికి అవసరం లేదు.

షోరూం అంటే దోపిడీ అనేవాళ్లు, బయటి షెడ్డు అంటే బండి పాడైపోతుందనేవాళ్లు ఇద్దరూ రోజూ నా దగ్గరికి వస్తారు. ఇద్దరూ బిల్లులో చివరి అంకె ఒక్కటే చూసి మాట్లాడతారు. అందుకే నేను ఎక్కువగా వినే మాటల్ని ఒక్కొక్కటిగా తీసుకుని రాస్తున్నాను.

అపోహ: "షోరూం వాళ్లు సామాన్ల రేటు ఇష్టమొచ్చినట్టు వేస్తారు"

కంపెనీ డబ్బాలో వచ్చే ప్రతి పార్టు మీద ఎమ్మార్పీ ఉంటుంది, పన్నులన్నీ అందులో కలిసే ఉంటాయి. బిల్లులో ముందు పన్ను లేని ధర వేసి, కింద జీఎస్టీ కలుపుతారు కాబట్టి చూసేవాళ్లకు రెండుసార్లు వసూలు చేసినట్టు అనిపిస్తుంది. రెండూ కూడితే ఎమ్మార్పీ దాటకూడదు, అంతే చూసుకోవాలి. ఇంకో విషయం: 2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల విడిభాగాలన్నింటి మీదా జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటి మీద 28 శాతం ఉండేది. పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పెట్టుకుని చూడండి.

అయితే ఈ అపోహ వెనక ఒక నిజమైన బాధ ఉంది. కార్ల కంపెనీ తన కారులో వాడే ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, బల్బులు చాలావరకు తాను తయారు చేయదు. వేరే కంపెనీలు చేసి ఇస్తాయి. అదే తయారీదారు తన సొంత డబ్బాలో పెట్టి బజారులో అమ్మినప్పుడు చాలాసార్లు రేటు తక్కువ ఉంటుంది. ఆ డబ్బా దొరికే పార్టులకు బయట కొనడం తెలివైన పనే. దొరకని పార్టులకు మాత్రం కంపెనీ చెప్పిందే రేటు. నాకు కోపం వచ్చేది అక్కడే, కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడి మీద కాదు.

అపోహ: "పెనుకొండలో ఫ్యాక్టరీ ఉంది, మనకు పార్టులు చౌకగా రావాలి"

2019 నుంచి వింటున్నాను ఈ మాట. కియా కార్లు మన పక్కనే తయారవుతున్నా, విడిభాగం ఫ్యాక్టరీ గేటు నుంచి నేరుగా షోరూంకు రాదు. కంపెనీ స్పేర్ పార్టుల గోదాముల ద్వారా దేశమంతా ఒకే ఎమ్మార్పీతో వెళ్తుంది. పెనుకొండలో కొన్నా, పాట్నాలో కొన్నా స్టిక్కర్ మీది ధర ఒకటే.

అపోహ: "ఫ్రీ సర్వీసు అన్నారు, మళ్లీ బిల్లు వేశారు"

ఫ్రీ అన్నది లేబర్ మాత్రమే. ఆయిల్, ఫిల్టర్, వాషర్ డబ్బులు మనవే. కారు అమ్మేటప్పుడే ఈ ముక్క గట్టిగా చెప్పి ఉంటే సగం గొడవలు ఉండేవి కావు.

అపోహ: "గంట పనికి అంత లేబరా? అంతా మెకానిక్ జేబులోకే"

నేను టెక్నీషియన్‌గా చేరినప్పుడు నా నెల జీతం 6,500. ఒక్క క్లచ్ పనికి కస్టమర్ కట్టే లేబర్ అప్పట్లోనే అందులో సగం దాకా ఉండేది.

లేబర్ లెక్క ఇలా ఉంటుంది. ప్రతి పనికీ కంపెనీ ఒక ప్రామాణిక సమయం నిర్ణయిస్తుంది. బ్రేక్ ప్యాడ్లకు ఇంత, క్లచ్ దించి ఎక్కించడానికి ఇంత. దాన్ని ఆ ఊరి గంట రేటుతో గుణిస్తారు. కుర్రాడు చురుగ్గా చేసి అరగంట ముందే ముగించినా, తుప్పు పట్టిన బోల్టుతో పెనుగులాడి రెండు గంటలు ఎక్కువ పట్టినా మీ బిల్లు మారదు. ఆ డబ్బుతోనే బిల్డింగు అద్దె, లిఫ్టులు, ఆ మోడల్‌కే పనికొచ్చే ప్రత్యేక పానాలు, స్కానర్ సాఫ్ట్‌వేర్, శిక్షణ, ఏసీ వెయిటింగ్ హాలు, అన్నీ నడవాలి. అందుకే మా షెడ్డు కంటే ఎక్కువ పడుతుంది. ఎక్కువ అన్నంత మాత్రాన అన్యాయం అనను. కానీ పానా పట్టిన చేతికి అందేది చాలా తక్కువ. ఆ సంగతి తెలియక కస్టమర్లు ఆ కుర్రాళ్ల మీద అరుస్తారు. దయచేసి అరవకండి.

అపోహ: "బయట ఎక్కడ చేయించినా వారంటీ పోతుంది"

2014 ఆగస్టులో, వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరీకి కావలసిన టూల్స్, సమాచారం బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదన్నది ఆ కేసు. బయట రిపేరీ చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేసే షరతు పెట్టకూడదని కూడా ఆ ఉత్తర్వులో ఉంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. కానీ కమిషన్ చెప్పిన మాట మాత్రం నాబోటి ప్రతి షెడ్డువాడి మనసులో ఉన్నదే.

ఇక నిత్యజీవితంలో ఏం జరుగుతుందో చెబుతాను. బయట పంక్చర్ వేయించినా, టైర్లు మార్చినా, అలైన్‌మెంట్ చేయించినా, వాటర్ వాష్ కొట్టించినా వారంటీకి ఏమీ కాదు. పోయేది ఎక్కడంటే, వైర్లు కోసి ఫాగ్ లైట్లు పెట్టించినప్పుడు. వారంటీలో ఉన్న ఒక బండిని మా దగ్గరికి తెచ్చారు. రివర్స్ కెమెరా కోసం వెనక లైటు వైరును బ్లేడుతో గీకి, ఇంకో వైరు చుట్టి, పైన నల్ల టేపు వేశారు. ఆ టేపు ఎండకు జారిపోయి, రాగి తీగ బయటపడి, బాడీకి తగిలి మాడిన మచ్చ ఉంది. ఆ వైరింగుకు కంపెనీ వారంటీ ఇవ్వనంది. అందులో తప్పు లేదు. అలాగే మాన్యువల్‌లో చెప్పిన సర్వీసు ఎగ్గొట్టి, ఇంజిన్ పట్టేశాక వెళ్తే వాదన నిలబడదు.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేనే చెబుతాను: వారంటీ ఉన్నన్నాళ్లు పీరియాడిక్ సర్వీసు షోరూంలోనే చేయించండి, మిగతా చిన్న పనులు ఎక్కడైనా చేయించుకోండి. మీ వైపు న్యాయం ఉండవచ్చు, కానీ దాన్ని నిరూపించుకోవడానికి తిరగడం కంటే ఆ నాలుగు సర్వీసులు అక్కడ చేయించుకోవడమే తక్కువ ఖర్చు. నిజంగా అన్యాయం జరిగితే మాత్రం వదలకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. బిల్లులు, జాబ్ కార్డులు (చేయాల్సిన పనులు రాసి మన సంతకం తీసుకునే కాగితాలు) దాచి పెట్టుకున్నవాళ్లదే అక్కడ మాట చెల్లుతుంది.

అపోహ: "అడ్వైజర్ చెప్పాడంటే బండికి అవసరమే"

టీచరమ్మ బిల్లులో గీతకు కింద ఉన్న 5,100 ఇదే. అండర్‌బాడీ కోటింగ్ 3,000. ఏసీ డిస్ఇన్ఫెక్షన్ 900. ఇంజిన్ కోటింగ్ 600. ఎలుకలు రాకుండా స్ప్రే 600.

ఒక్కొక్కటి చూద్దాం. అండర్‌బాడీ కోటింగ్ తుప్పు పట్టకుండా వేసేది. సముద్రపు గాలి తగిలే విశాఖలోనో, ఏటా వరద నీళ్లలో నడిచే ఊళ్లోనో అయితే ఆలోచించవచ్చు. వానే సరిగా పడని అనంతపురంలో, ఫ్యాక్టరీలోనే పూత వేసి వచ్చిన రెండేళ్ల బండికి ఎందుకు? ఏసీ డిస్ఇన్ఫెక్షన్ అంటే చాలావరకు ఒక స్ప్రే డబ్బా కొట్టడం. కంపు వస్తుంటే ముందు క్యాబిన్ ఫిల్టర్ (కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టేది) మార్చాలి, అది ఆమె బిల్లులో గీతకు పైన ఉన్న పనుల్లోనే మార్చారు. ఇంజిన్ కోటింగ్ మెరుపు కోసం. బానెట్ ఎత్తితే కొత్తగా కనిపిస్తుంది, వారం తర్వాత దాని మీద దుమ్ము ఇంకా గట్టిగా అంటుకుంటుంది. ఎలుకల బెడద మాత్రం నిజం. శనక్కాయల గోదాము పక్కన బండి పెట్టేవాళ్ల వైర్లు కొరికేసి ఉండటం ఎన్నోసార్లు చూశాను. కానీ స్ప్రే వాసన కొన్ని వారాలకు మించి ఉండదు. ఆమె బండి ఉండేది ఇంట్లో షట్టర్ లోపల.

ఇవి ఎందుకు రాస్తారో నాకు తెలుసు, నేనూ రాశాను కాబట్టి. వీటిని "వ్యాల్యూ యాడెడ్ సర్వీసులు" అంటారు. నెలకు ఇంత అని అడ్వైజర్‌కు టార్గెట్ ఉంటుంది. నెలాఖరులో సాయంత్రం మీటింగులో బోర్డు మీద పేర్లు, పేరు పక్కన అంకెలు. కింద ఉన్నవాడు లేచి నిలబడి జవాబు చెప్పాలి. ఆ టెన్షన్‌లో, ఏమీ అడగకుండా సంతకం పెట్టే పెద్దాయన జాబ్ కార్డు మీద రెండు టిక్కులు ఎక్కువ పెట్టిన రోజులు నాకున్నాయి. ఒకసారి గుత్తి నుంచి వచ్చిన రైతు బిల్లు కట్టడానికి జేబులోంచి మడతలు పడిన నోట్లు తీసి లెక్కపెడుతుంటే నేను తల ఎత్తలేకపోయాను. ఉద్యోగం మానేయడానికి ఉన్న కారణాల్లో అది ఒకటి.

షోరూం ఖర్చు న్యాయమా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇక్కడే ఉంది. పార్టుకు, లేబర్‌కు, డయాగ్నసిస్‌కు వాళ్లు తీసుకునేది చాలావరకు సమర్థించవచ్చు. అడగకుండా కలిపే ఈ పనులను సమర్థించలేను.

అపోహ: "బయట చేయిస్తే ఎప్పుడూ చౌకే"

2020 ఏప్రిల్ నుంచి అమ్మిన బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే ప్రభుత్వ ప్రమాణం) డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. వాటికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. పాత డీజిల్ బండ్లకు పోసే ఆయిల్ పోస్తే ఆ బూడిద పోగై, కొన్నాళ్లకు ఫిల్టర్ మూసుకుపోతుంది. గుంతకల్లు కస్టమర్ ఒకరు ఆయిల్ మార్చిన ప్రతిసారీ 400 మిగిలిందని సంతోషపడ్డారు. డీపీఎఫ్ లైటు వెలిగాక నా దగ్గరికి వచ్చారు. మార్చాలంటే లక్ష దాకా పోయే మోడళ్లున్నాయి.

కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోసేవాళ్లు కూడా ఉన్నారు. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది కదా, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే కడుతుంది. మే నెల ఎండలో హైవే మీద బండి వేడెక్కి ఆగేది అందుకే.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఒక బండి పికప్ రావడం లేదంటే అంచనా మీద ఒక సెన్సర్ మార్పించాను. తగ్గలేదు. షోరూంకు పంపితే వాళ్ల కంపెనీ స్కానర్‌తో గంటలో వైరింగ్ కనెక్టర్ వదులైందని తేల్చారు. వాళ్లు తీసుకున్న డయాగ్నసిస్ ఛార్జీ నేను కొనిపించిన సెన్సర్ ఖరీదులో నాలుగో వంతు. ఆ కస్టమర్‌కు సెన్సర్ డబ్బులు తిరిగి ఇచ్చేశాను. అప్పటి నుంచి ఎలక్ట్రానిక్స్‌లో అనుమానం ఉంటే ముందు అక్కడికే పంపుతాను.

అపోహ: "బండి తిరగలేదు, ఈ ఏడాది సర్వీసు అక్కర్లేదు"

మాన్యువల్‌లో కిలోమీటర్లు, నెలలు రెండూ ఉంటాయి. ఏది ముందు వస్తే అది. నిలబడ్డ బండిలోనూ ఆయిల్ గుణం తగ్గుతుంది, బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది.

తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే చోట, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల వైపు తిరిగే బండ్ల సంగతి వేరు. అక్కడి నుంచి వచ్చిన ఎయిర్ ఫిల్టర్ తీసి నేల మీద తడితే తెల్లటి పిండి రాలుతుంది, మడతల మధ్య ముగ్గు పోసినట్టు ఉంటుంది. మాన్యువల్‌లో దుమ్ము ప్రాంతాల కోసం వేరే పట్టిక ఉంటుంది. మీ బండికి వర్తించేది అదే. కాబట్టి షోరూం వాళ్లు ఎయిర్ ఫిల్టర్ ముందుగా మార్చాలంటే కోప్పడకండి, "తీసి చూపించండి" అనండి.

ఈ నెలలో మీకు సర్వీసు ఉంటే

ముందు రోజు రాత్రి మాన్యువల్‌లో మెయింటెనెన్స్ పట్టిక తెరిచి, మీ కిలోమీటర్ల దగ్గర ఏమేం రాసి ఉందో ఫోటో తీసుకోండి. పొద్దున జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు ప్రతి టిక్కూ చదవండి. పట్టికలో లేనిది కనిపిస్తే "ఇది ఎందుకు?" అని అడగండి, జవాబు నచ్చకపోతే కొట్టేయించండి. అంచనా మొత్తం రాయించుకుని, దానికి మించితే ఫోన్ చేసి అడగాలని కార్డు మీదే రాయించండి. మార్చిన పాత పార్టులు డిక్కీలో పెట్టమనండి.

బిల్లు అర్థం కాకపోతే పట్టుకుని రండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నాకు పని తక్కువ. బిల్లు చదివిపెట్టినందుకు నేను డబ్బు తీసుకోను.