సున్నా నుంచి వంద దాకా: గుర్రాల లెక్క, టైరు లెక్క

యూరప్‌లో 2018 నుంచి అమ్మిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీకి ముందు భాగంలో 5 లీటర్ల వీ8 ఇంజను ఉంటుంది, దాని శక్తి 450 హార్స్‌పవర్. 2019లో వచ్చిన పోర్షే 911 కరెరాకు ఇంజను వెనుక ఇరుసుకు కూడా అవతల ఉంటుంది. అది ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు ఉన్న 3 లీటర్ల ఇంజను, శక్తి 385 హార్స్‌పవర్. రెండూ రెండు తలుపుల కూపేలే, రెండూ వెనుక చక్రాలతోనే నడుస్తాయి. శక్తి ఒక్కటే చూస్తే మస్టాంగ్ సునాయాసంగా గెలవాలి. కానీ మస్టాంగ్ సుమారు 1,750 కిలోలు, 911 అయితే 1,505 కిలోలు తూగుతుంది కాబట్టి, టన్ను బరువుకు ఎన్ని గుర్రాలని భాగించి చూస్తే రెండింటికీ 256 దరిదాపుల్లోనే వస్తుంది. ఈ లెక్కన పందెం సమానంగా ముగియాలి. కంపెనీలు ప్రకటించిన ప్రకారం గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 911కు 4.2 సెకన్లు, లాంచ్ కంట్రోల్ (చక్రాలు జారకుండా కారును ఒక్కసారిగా ఉరికించే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉండే స్పోర్ట్ క్రోనో ప్యాకేజీతో 4.0 సెకన్లు పడుతుంది. మస్టాంగ్‌కు పది గేర్ల ఆటోమేటిక్‌తో 4.3, చేత్తో మార్చే ఆరు గేర్లతో 4.6 సెకన్లు పడుతుంది.

ఆ పదో వంతులు ఎక్కడ పోయాయో తెలియాలంటే ముందు శక్తి ఖర్చు చూడాలి. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు 27.8 మీటర్లు. 75 కిలోల డ్రైవరుతో కలిపి 911కు ఆ వేగం దగ్గర ఉండే గతిశక్తి సుమారు 610 కిలోజౌళ్లు. దాన్ని 4.2 సెకన్లతో భాగిస్తే సగటున 145 కిలోవాట్లు అవుతుంది, ఇంజను గరిష్ఠ సామర్థ్యమేమో 283 కిలోవాట్లు. మస్టాంగ్‌కూ ఇదే కథ: 704 కిలోజౌళ్లు, 4.3 సెకన్లు, సగటు 164 కిలోవాట్లు, ఇంజనుదేమో 331. అంటే ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో అచ్చు వేసే శక్తిలో సగమే ఈ పరుగులో కారును ముందుకు నెట్టింది. కొంత గేరుబాక్సులో, కొంత గాలిని చీల్చడంలో పోయిన మాట నిజమే అయినా, పెద్ద కారణం టైరు దగ్గరే ఉంది.

పొలం గట్టు దిగిన ఖాళీ ట్రాక్టరు బురదలో చక్రం తిప్పి తిప్పి గుంట తీయడం మనలో చాలామంది చూసినదే. వెనుక టైర్లలో నీళ్లు నింపించి రైతులు ఆ బరువును పెంచుకుంటారు, ఎందుకంటే టైరుకు నేల మీద దొరికే పట్టు దాని మీద పడే భారాన్ని బట్టే ఉంటుంది. కూపేల విషయంలోనూ సూత్రం ఇదే. 911 బరువులో సుమారు 61 శాతం వెనుక చక్రాల మీదే ఉంటుంది, ఇంజను ముందున్న మస్టాంగ్‌లో అది 46 శాతం మాత్రమే. కారు ఉరికినప్పుడు, బస్సు కదలగానే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్లు, భారం మరికొంత వెనక్కి జారుతుంది. ఎంత జారుతుందనేది గరిమనాభి, అంటే కారు బరువంతా ఒక్కచోటే ఉన్నట్లు లెక్కించే బిందువు, ఎత్తును ఇరుసుల మధ్య దూరంతో భాగిస్తే తెలుస్తుంది. ఆ దూరం 911కు 2.45 మీటర్లు, మస్టాంగ్‌కు 2.72 మీటర్లు. గరిమనాభి అర మీటరు ఎత్తున ఉందనీ, టైరు పట్టును దాని మీది భారంతో పోల్చి చెప్పే ఘర్షణ గుణకం 1 అనీ అనుకుని లెక్కవేస్తే, చక్రం జారకుండా 911 అందుకోగల త్వరణం గురుత్వ త్వరణంలో 0.77 వంతు, మస్టాంగ్‌ది 0.56 వంతు. మంచి టైరు వేడెక్కితే ఆ గుణకం 1 దాటుతుంది కాబట్టి అసలు అంకెలు ఇంతకంటే మెరుగ్గానే ఉంటాయి, కానీ రెండింటి మధ్య ఉన్న దూరం అలాగే మిగులుతుంది. ఇంత పెద్ద వ్యవహారమంతా నడిచేది ఒక్కో టైరు కింద, చాచిన అరచేయి కంటే కాస్త పెద్దదైన రబ్బరు ముక్క మీద.

ఇప్పుడు అసలు విషయం. త్వరణాన్ని ఒక వేగం దాకా టైరు పట్టు, ఆ పైన ఇంజను శక్తి నిర్ణయిస్తాయి. పై అంకెలతోనే, గేరుబాక్సు నష్టాలను ఇంజను శక్తిలోంచి తీసేసి చూస్తే, 911కు ఆ సరిహద్దు గంటకు 70 కిలోమీటర్లు దాటాక వస్తుంది, మస్టాంగ్‌కు దాదాపు 100 దగ్గర వస్తుంది. అంటే మస్టాంగ్ ఇంజనులోని అదనపు బలం మనం కొలిచే పరుగు ముగిసే వేళకు గానీ పూర్తిగా పనిలోకి దిగదు. అలాంటప్పుడు ఆ కారును ఈ ఒక్క అంకెతో తూచడం దానికి అన్యాయమే అని నా అభిప్రాయం.

గేర్ల మాటకొస్తే, మస్టాంగ్‌లో అదే ఇంజనుతో మాన్యువల్‌కూ ఆటోమేటిక్‌కూ 0.3 సెకను తేడా వచ్చింది. క్లచ్ తొక్కిన ప్రతిసారీ చక్రాలకు ఇంజనుతో సంబంధం తెగిపోతుంది. 911లోని రెండు క్లచ్‌ల గేరుబాక్సు తర్వాతి గేరును ముందే సిద్ధంగా పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ విరామం దాదాపు కనిపించదు. పైగా దాని టర్బో ఇంజను 450 న్యూటన్-మీటర్ల టార్క్‌ను, అంటే ఇరుసును తిప్పే బలాన్ని, 1,950 నుంచి 5,000 ఆర్‌పీఎం దాకా ఒకే స్థాయిలో ఇస్తుంది, మస్టాంగ్ తన 529 న్యూటన్-మీటర్ల కోసం 4,600 దాకా ఎక్కాలి.

బ్రేకు వేసినప్పుడు వెనుక బరువు ఇంకో రకంగా కలిసొస్తుంది. భారం ముందుకు జారినా 911 వెనుక టైర్ల మీద చెప్పుకోదగ్గ బరువు మిగులుతుంది కాబట్టి నాలుగు టైర్లూ పని పంచుకుంటాయి, మస్టాంగ్‌లో ముందు రెండే ఎక్కువ మోస్తాయి. దీనికి 911 చెల్లించే మూల్యమూ ఉంది: మలుపు మధ్యలో యాక్సిలరేటరు మీద నుంచి చటుక్కున కాలు తీస్తే ఆ వెనుక బరువు కారు తోకను బయటికి విసురుతుంది, పాత 911లకు ఆ పేరు బాగా ఉండేది.

వంద దాటాక గాలి రంగంలోకి వస్తుంది. దాన్ని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 100 దగ్గర 8 కిలోవాట్లు చాలిన కారుకు 200 దగ్గర 64 కావాలి. 911 గరిష్ఠ వేగం 293 కిలోమీటర్లు. మస్టాంగ్‌ను ఎలక్ట్రానిక్స్ 250 దగ్గరే ఆపేస్తాయి.

ఇలాంటి అంకెలను పోల్చేటప్పుడు గడియారం ఎప్పుడు మొదలైందో కూడా అడగాలి. అమెరికా పత్రికలు డ్రాగ్ పందేల (నిలబడ్డ చోటు నుంచి తిన్నగా సాగే పరుగు పందేల) సంప్రదాయం ప్రకారం మొదటి అడుగు దూరాన్ని, అంటే 30 సెంటీమీటర్లను, లెక్కలోంచి తీసేస్తాయి, పైగా అక్కడి గమ్యం 60 మైళ్లు, అంటే 96.6 కిలోమీటర్లు. గురుత్వ త్వరణంలో 0.6 వంతుతో కదిలే కారుకు ఆ అడుగు దాటడానికి సుమారు 0.3 సెకను పడుతుంది, అప్పటికే దాని వేగం గంటకు 7 కిలోమీటర్లు. స్పోర్ట్ క్రోనో ప్యాకేజీతో వచ్చిన 911కూ ఆటోమేటిక్ మస్టాంగ్‌కూ మధ్య ఉన్న తేడా కూడా సరిగ్గా ఆ 0.3 సెకనే.