‘ఈ మాత్ర నాకు పడలేదండీ’: వైరస్ మందులు, దద్దుర్లు - అపోహలు, వాస్తవాలు

అమలాపురం, రాజోలు వైపు ఊళ్ల నుంచి మా చర్మవ్యాధుల ఓపీకి వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చోకముందే అనే మాట ఇది. అది వినగానే నేను ముందు నోరు తెరవమంటాను, కళ్లు చూస్తాను. మాత్ర సంగతి ఆ తర్వాత.

అపోహ: ఒళ్లు వేడి చేసింది. కొబ్బరినీళ్లు, మజ్జిగ తాగితే అదే తగ్గుతుంది.

వాస్తవం: తాగండి, మంచిదే. కానీ ఇది వేడి కాదు, మన రోగనిరోధక శక్తి ఆ మందు మీద తిరగబడటం. ఒంటి మీద ఎర్రటి మచ్చలు, దురద ఉండి జ్వరం లేకపోతే చాలావరకు సిట్రిజిన్, కాలమైన్ లోషన్‌తో తగ్గుతాయి. మందు ఆపాలో వద్దో డాక్టరు చూసి చెబుతారు.

భయపడాల్సింది దురదకన్నా నొప్పికి. చర్మం ముట్టుకుంటే నొప్పి, బొబ్బలు, పొర ఊడటం, నోట్లో పుండ్లు, కళ్లలో మంట, జ్వరం, ముఖం వాపు, కళ్లు పచ్చబడటం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తర్వాతి మాత్ర వేసుకోకుండా అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లాలి. అది స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ కావచ్చు, ప్రాణం మీదికి తెస్తుంది. సాధారణంగా మందు మొదలెట్టిన 4 నుంచి 28 రోజుల మధ్య వస్తుంది. ఒకావిడ పెదాల మీద నల్లటి చెక్కు కట్టి, మంచినీళ్లు కూడా మింగలేని స్థితిలో వచ్చింది. ‘ఆయ్, ఎండకి పగిలాయనుకున్నామండి, మూడ్రోజులైంది’ అన్నాడు వెంట వచ్చిన కొడుకు. ఆ మూడు రోజులే మాకు దొరకాల్సింది.

అపోహ: అక్కికి మాత్రలు వేసుకున్నాక కొత్త పొక్కులొస్తే మాత్ర పడనట్టే.

వాస్తవం: అక్కికి ఇచ్చే అసైక్లోవిర్ మాత్ర మొదలెట్టాక కూడా రెండు మూడు రోజులు కొత్త పొక్కులు లేస్తాయి. అది అక్కి నడక. గుర్తుపట్టడం తేలికే: అక్కి ఒంటికి ఒక పక్కనే పట్టీలా ఉంటుంది. మందు దద్దుర్లు రెండు పక్కలా వస్తాయి. మాత్ర ఆపేసి ఎర్రమన్నుతో అక్కి రాయించుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అసైక్లోవిర్ పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలెడితేనే బాగా పనిచేస్తుంది. చిట్లిన పొక్కుల మీద మన్ను పూస్తే చీము పట్టే ప్రమాదం కూడా ఉంది.

అపోహ: హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లకు దురదొస్తే ఆ మందులదే తప్పు.

వాస్తవం: ఇది నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే అపోహ. నెవిరాపిన్ అనే పాత హెచ్‌ఐవీ మందు వాడిన రోజుల్లో దద్దుర్లు బాగా వచ్చేవి. అందుకే మొదటి 14 రోజులు రోజుకు ఒక్క 200 మిల్లీగ్రాముల మాత్రే ఇచ్చి, ఆ తర్వాత రెండు చేసేవారు. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చే టీఎల్‌డీ (మూడు హెచ్‌ఐవీ మందులు కలిసిన ఒకే మాత్ర)తో దద్దుర్లు అరుదు. చాలాసార్లు అసలు కారణం దాంతోపాటు ఇచ్చే కోట్రైమాక్సజోల్ అనే సల్ఫా మాత్ర.

ఇంకొన్నిసార్లు కారణం దోమ! చేపల చెరువుల గట్ల మీద, వరిచేలల్లో పనిచేసేవాళ్ల చేతులూ కాళ్లూ చూడండి, నల్లటి గింజల్లా దురద పొక్కులు. సీడీ4 (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాలు) తగ్గినవాళ్లకు దోమకాటే అలా ముదురుతుంది. మందులు మానకుండా వాడితే రోగనిరోధక శక్తి కోలుకుని అవే నెమ్మదిస్తాయి. భయపడి మందులు ఆపితే పొక్కులూ తగ్గవు, వైరస్ కూడా మందులకు లొంగకుండా పోవచ్చు. హెపటైటిస్-బి కూడా ఉన్నవాళ్లు టీఎల్‌డీ ఉన్నట్టుండి ఆపితే కాలేయం దెబ్బతినవచ్చు.

అపోహ: తగ్గిపోయిందిగా, మళ్లీ వేసుకుని చూద్దాం.

వాస్తవం: అబాకవిర్ అనే హెచ్‌ఐవీ మందు విషయంలో ఇది ప్రాణాంతకం. ఒకసారి అది పడక జ్వరం, దద్దుర్లు, వాంతులు, ఆయాసం వచ్చినవాళ్లు జన్మలో మళ్లీ దాన్ని ముట్టకూడదు.

అపోహ: ముందే స్టెరాయిడ్ వాడితే దద్దుర్లు రావు.

వాస్తవం: నెవిరాపిన్‌తో అలా చేసి చూశారు. దద్దుర్లు తగ్గకపోగా పెరిగాయి.

డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు వాడిన స్ట్రిప్పులన్నీ, ఖాళీవైనా సరే, తీసుకురండి. ఏది ఏ తేదీన మొదలెట్టారో చీటీ మీద రాయండి. ఏ మందు పడలేదో తేలాక దాని పేరు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాయించుకుని ఆధార్ కార్డు వెనకే పెట్టుకోండి. ‘ఏదో తెల్ల మాత్రండి’ అంటే మాకు ఏ మందో తెలియదు.