నడిమి 26 అంకెలు

కడపలో లెక్కలు చెప్పే లెక్చరర్‌ను కనక ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, సంజీవరాయశర్మ గారి మాదిరి మీరూ పెద్ద పెద్ద లెక్కలు నోటితో చెప్పగలరా?" నావల్ల కాదు. ఆ మాట ఒప్పుకున్నాకే పాఠం మొదలుపెడతాను.

లక్కోజు సంజీవరాయశర్మ 1907లో ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. అక్క బడి పాఠాలు పైకి చదువుతుంటే విని నేర్చుకున్నదే ఆయన చదువు. 1928 నవంబరులో నంద్యాలలో గణితావధానం చేశారు, అంటే సభలో అడిగిన లెక్కలకు అక్కడికక్కడే నోటితో జవాబులు చెప్పారు. మన సీమకు రాయలసీమ అన్న పేరు వచ్చింది కూడా ఆ నెలలో ఆ ఊళ్లోనే. వయొలిన్ కూడా వాయించేవారు. 1997లో కన్నుమూశారు.

103 రెండ్లను వరసగా గుణిస్తే ఎంత అని హైదరాబాదు సభలో అడిగితే, ఆయన 32 అంకెల జవాబు గడగడా చెప్పారని అంటారు. నా క్లాసులో ఆ లెక్కే తీసుకుంటాను.

ముందు తల. 2కు లాగరిథమ్, అంటే 10కి ఎంత ఘాతం వేస్తే 2 వస్తుందో ఆ సంఖ్య, 0.30103. దాన్ని 103తో హెచ్చిస్తే 31.00609. ముందున్న 31 వల్ల జవాబులో 32 అంకెలు ఉంటాయని తేలింది. మిగిలిన 0.006ను యాంటీలాగ్ పట్టికలో, అంటే లాగరిథమ్‌ను తిరిగి మామూలు సంఖ్యగా మార్చే పట్టికలో, చూస్తే 1014. అంటే సంఖ్య 1014తో మొదలవుతుంది.

ఇక తోక. 20 రెండ్ల లబ్ధం 10,48,576. చివర 76. ఈ 76 మొండిది, దాన్ని దానితోనే ఎన్నిసార్లు గుణించినా చివర 76 పోదు. 100 రెండ్లంటే 20 రెండ్ల లబ్ధాలు ఐదు, కాబట్టి వాటికీ చివర 76. ఇంకో మూడు రెండ్లు, అంటే 8తో గుణిస్తే 608. చివరి అంకెలు 08.

తల నాలుగు, తోక రెండు. నడిమి 26 అంకెలకు ఇలాంటి దొడ్డిదారి లేదు. 50 రెండ్ల లబ్ధమే 1125899906842624. ఈ 16 అంకెల సంఖ్యను దానితోనే హెచ్చించి, మళ్లీ 8తో గుణించాలి. బోర్డు మీద నాకే రెండుసార్లు తప్పుతుంది. కాగితం చూడలేని మనిషి ఇంత సరుకును మనసులో ఎక్కడ పెట్టుకున్నాడో నాకు నిజంగా అంతుపట్టదు.

చివరికి బోర్డు మీద రాస్తాను: 10141204801825835211973625643008. సరిచూసే పని పిల్లలది. అంకెలన్నీ కూడితే 110, దాన్ని 9తో భాగిస్తే శేషం 2. రెండ్ల లబ్ధాలను 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరేసి చొప్పున తిరుగుతాయి. 103ను ఆరుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది కనక ఇక్కడా మొదటిదే, 2.

"రెండంకెలు తారుమారైనా మొత్తం 110 వస్తుంది కదా సార్?" అన్నాడు మొన్న వెనక బెంచీ వాడు. నిజమే. వాడే సెల్లు తీసి నొక్కాడు. అది 1.0141204 అని మొదలుపెట్టి, కొంచెం దూరం పోయి, చివర E31, అంటే దాన్ని 31 సార్లు పదితో గుణించుకోమని, చూపించి ఊరుకుంది.