కుంకుడు నురగకు చుట్టమైన టీకా పంజరం

పశువుల గాలికుంటు వ్యాధి టీకాలో చెట్టు బెరడు సారం కలుపుతారని విన్న ఒక పాఠకుడు, ఇదేమైనా పసరు వైద్యమా అని అడిగారు. పసరు వైద్యం కాదు గాని, అందులోని సాపోనిన్ అనే నురగనిచ్చే పదార్థం మన కుంకుడుకాయ నురగకు చుట్టమే.

టీకాలో చంపిన వైరస్ ఒక్కటే ఉంటే పశువు శరీరం దాన్ని అంతగా పట్టించుకోదు కాబట్టి, రోగనిరోధక వ్యవస్థను ఉసిగొల్పే అడ్జువెంట్‌ను తోడు చేస్తారు. 1920లలో ఫ్రాన్సులో గాస్టన్ రామోన్, డిఫ్తీరియా విషానికి విరుగుడు కోసం గుర్రాలకు సూదులు వేస్తూ, సూది వేసినచోట వాచి చీముపట్టిన గుర్రాల రక్తంలో ఆ విరుగుడు ఎక్కువగా ఉండడం గమనించి, వాపును కావాలనే తెప్పించడానికి కర్రపెండలం పిండిని సైతం కలిపి చూశాడు. చిలీ దేశపు క్విలాయా చెట్టు బెరడు నుంచి 1974లో డెన్మార్కు శాస్త్రవేత్త డాల్స్‌గార్డ్ శుద్ధిచేసిన క్విల్-ఎ అనే సాపోనిన్ గాలికుంటు టీకాల కోసం ఉద్దేశించినదే.

సాపోనిన్ అణువుకు ఒక కొసన నీటితో కలిసే చక్కెరలు, మరో కొసన కొవ్వును పట్టుకునే భాగం ఉంటాయి. తలంటుకున్నప్పుడు నూనెను వదిలించేది ఈ జంట గుణమే. అదే అణువు రక్తంలో చేరితే ఎర్రరక్తకణాల పొరలోని కొలెస్టరాల్‌ను అంటిపెట్టుకొని వాటికి తూట్లు పొడుస్తుంది. చెట్టు నుంచి వచ్చినదేదీ హాని చేయదని నమ్మేవారు, కుంకుడు పులుసు కంట్లో పడిన చిన్ననాటి ఆదివారాలను ఒకసారి తలచుకోవాలి.

అయితే సాపోనిన్‌కు కావలసిన కొలెస్టరాల్‌ను ముందే అందిస్తే? 1984లో స్వీడన్‌లో బ్రోర్ మొరీన్ బృందం ప్రకటించిన ఇస్కామ్‌లు అనే టీకా పంజరాల కిటుకు ఇదే. సాపోనిన్, కొలెస్టరాల్, ఫాస్ఫోలిపిడ్ (కణపొరల్లో ఉండే ఒక రకం కొవ్వు) తగిన పాళ్లలో కలిస్తే, వాటంతటవే సుమారు 40 నానోమీటర్ల బోలు పంజరాలుగా అల్లుకుంటాయి. వైరస్ ప్రొటీన్లు ఆ అల్లికలో ఇమిడిపోతాయి. ఆవు ఎర్రరక్తకణం మీద అడ్డంగా ఇలాంటివి దాదాపు 140 వరుసగా పేర్చవచ్చు. కొలెస్టరాల్‌తో ముందే ముడిపడిన సాపోనిన్ రక్తకణాల జోలికి వెళ్లడం బాగా తగ్గుతుంది. వైరస్ అంత పరిమాణమే ఉన్న ఈ పంజరాన్ని కాపలా కణాలు మింగినప్పుడు మాత్రం, లోపలి సంచి పొరకు సాపోనిన్ గండి కొట్టి, ప్రొటీన్‌ను కణద్రవంలోకి జారవిడుస్తుంది. దానితో ప్రతిరక్షకాలే కాక, సోకిన కణాలను చంపే టి-కణాలు కూడా మేల్కొంటాయి. గుర్రాల ఇన్‌ఫ్లుయెంజా టీకాలో ఈ పంజరాలను వాడారు.

మరి కుంకుడుతోనే ఈ పని జరగదా? క్విలాయా సాపోనిన్‌కు మూలమైన క్విలాయిక్ ఆమ్లంలో ఆల్డిహైడ్ అనే, చురుగ్గా బంధాలు కట్టే పరమాణువుల సమూహం ఒకటి ఉంటుంది. అది టి-కణాల ఉపరితలం మీది అమైన్‌లతో (నత్రజని ఉన్న సమూహాలతో) బంధం ఏర్పరచి వాటిని ప్రేరేపిస్తుందని భావిస్తున్నారు. కుంకుడు సాపోనిన్లకు మూలమైన హెడెరాజెనిన్‌లో సరిగ్గా ఆ చోట ఆల్డిహైడ్‌కు బదులు ఆల్కహాల్ సమూహం ఉంది కాబట్టి, ఆ ప్రేరణను కుంకుడు నుంచి ఆశించలేం.